పళ్లెం ఖాళీగా పంపకూడదు

సోమవారం పొద్దున ఎల్డర్ ఆర్వల్ జెప్సన్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా వాననీళ్ల ట్యాంకు గొట్టం బాగుచెయ్యాలి. పదింటికి కుర్ర మిషనరీలు ఉంటున్న ఇంటికి వెళ్లి, మంచాల కింద ఊడ్చారో లేదో వంగి చూడాలి. పన్నెండింటికి భోజనం, ఒంటిగంటకి కునుకు. అమెరికాలోని ఐడహోలో బంగాళాదుంపల పొలం కొడుకులకి అప్పగించి, డెబ్బై రెండేళ్ల వయసులో భార్యని వెంటబెట్టుకుని, చర్చి పనిమీద, 'ఎల్డర్' అనే బిరుదుతో, పద్దెనిమిది నెలలకి పసిఫిక్ సముద్రంలోని టోంగా దీవులకి వచ్చిన మనిషి ఇంతకంటే ఎక్కువ ఏం కోరతాడు? దేవుడు కూడా కునుకు దగ్గర అడ్డురాడనే ఆయన నమ్మకం.

ఆయన భార్య నెడ్రా ప్లాను ఇంకా చిన్నది. కానీ ఆవిడ ప్రాణమంతా దానిమీదే ఉంది. వాళ్ళు ఇక్కడికి వచ్చిన నాలుగో నెలలో చిన్న కూతురికి ఆడపిల్ల పుట్టింది. పేరు ఐవీ. ఆ పిల్లని నెడ్రా ఇంతవరకూ ఫోనులో తప్ప చూడలేదు. "దేవుడి పనిమీద ఉన్నాం, ఏం చేస్తాం" అని నలుగురిలో నవ్వేది, తరవాత స్నానాల గదిలోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చేది. అందుకే బొంత కుడుతోంది. తన పాత గౌన్లు, ఆర్వల్ చొక్కాలు, కూతురి చిన్ననాటి లంగా, అన్నీ కత్తిరించి నలభై తొమ్మిది ముక్కలు. నడిమి ముక్క ఒక్కటే తెల్లది. దానిమీద 'ఐవీ' అని పెన్సిలుతో రాసుకుని, ఎర్రదారం ఎక్కించిన సూది అక్కడే గుచ్చి పెట్టుకుంది. పిల్లని చర్చిలో అందరిముందూ దీవించే రోజుకి బొంత అందాలి. మిషను డాక్టరు దంపతులు ఇంకో పదిహేను రోజుల్లో, మంగళవారం విమానంలో ఇంటికి వెళ్తున్నారు. వాళ్ళ పెట్టెలో దీనికి చోటు ముందే అడిగి పెట్టుకుంది.

ఇలా రెండు ప్లాన్లూ బుద్ధిగా నడుస్తుండగా, ఎనిమిదిన్నరకి తలుపు చప్పుడైంది. నెడ్రా పెరట్లో బట్టలారేస్తోంది. ఆర్వల్ తలుపు తీస్తే పక్కింటి లేసియేలి నిలబడి ఉంది. చేతిలో నీలం పువ్వుల పళ్లెం, పళ్లెంలో లూ. అంటే చేమాకుల్లో చుట్టి, కొబ్బరిపాలు పోసి, నేలపొయ్యిలో ఉడికించిన మాంసం పొట్లాలు. ఆవిడ పళ్లెం చూపించి రెండు ముక్కలు ఏవో చెప్పింది. ఆర్వల్ విన్నాడు, తల ఊపాడు, "మాలో, మాలో" అని టోంగా భాషలో థాంక్సు చెప్పాడు. కానీ ముక్కు మాత్రం అప్పటికే పొట్లాల మీద ఉంది.

నెడ్రా లోపలికొచ్చేసరికి మూడో పొట్లం విప్పుతున్నాడు.

"ఎవరొచ్చారు?"

"లేసియేలి. లూ తెచ్చింది."

"ఏమంది?"

"తినమంది."

"నాకోసం ఒక్కటైనా ఉంచావా? సంతోషం. పళ్లెం ఎవరిది?"

ఆర్వల్ నోరు నిండుగా ఉంది. పక్కింటివైపు చెయ్యి ఊపాడు. ఆ ఒక్క ఊపుతోనే కథ మొదలైందని పాపం ఆయనకేం తెలుసు!

నెడ్రా పుట్టి పెరిగిన ఊళ్లో పక్కింటి పళ్లెం ఖాళీగా తిప్పి పంపడమంటే వాళ్ళ మొహం మీద తలుపు వేసినట్టే. వాళ్ళమ్మ చివరి రోజుల్లో ఆసుపత్రిలో మంచం మీద పడుకుని కూడా, "హెలెన్ గిన్నె మన దగ్గరుండిపోయింది, అందులో ఏదైనా పెట్టి పంపవే" అని చెప్పి మరీ పోయింది. కాబట్టి మంగళవారం మధ్యాహ్నం దాల్చినచెక్క బన్నులు డజను, పంచదార పాకం కారుతూ, నీలం పువ్వుల పళ్లెంలో కంచె దాటాయి.

లేసియేలి పుట్టి పెరిగిన ఊళ్లో రూలు ఇంకా ఘాటైనది. వచ్చినదానికంటే వెళ్ళేది ఓ పిసరైనా ఎక్కువుండాలి. తక్కువైతే పరువు పోతుంది, ఏమీ పంపకపోతే వంశం పరువే పోతుంది. రెండూ మంచి రూళ్ళే. ఎవరింట్లో వాళ్ళు పాటించుకుంటే ఏ గొడవా లేదు. ఒకే కంచెకి అటొకటీ ఇటొకటీ పడటమే కొంప ముంచింది.

బుధవారం పొద్దున్నే పళ్లెం తిరిగొచ్చింది. పళ్లెంలో ఉడికించిన కర్రపెండలం. పక్కన బుట్టలో దుంపలు ఎనిమిది, ఒక్కోటీ ఆర్వల్ మోచేతంత.

"అయ్యో, బన్నులు వాళ్ళకి చాల్లేదేమో!" అంది నెడ్రా. "ఏడుగురున్న ఇల్లు. డజను ఏ మూలకి? నాకు సిగ్గుగా ఉంది ఆర్వల్."

"నాకైతే ఆకలిగా ఉంది."

గురువారం మూడంతస్తుల చాక్లెట్ కేకు వెళ్ళింది. దానితో పాటు, ఐడహో నుంచి బట్టల మధ్య దాచి తెచ్చుకున్న రాస్‌బెర్రీ జాము ఆఖరి సీసా కూడా. శుక్రవారం రెండు కోళ్ళు వచ్చాయి. వండినవి కావు, కాళ్ళు కట్టిన బతికున్న కోళ్ళు. పళ్లెంలో వాటి టిఫినుకని కొబ్బరి తురుము. శనివారం ఆర్వల్ తన మంచి బూట్లకోసం మంచం కింద వెతుక్కున్నాడు.

"నెడ్రా, నా బూట్లేవి?"

"సెమిసికి ఇచ్చేశాను. ఆయన చెప్పులు చూశావా? మడమ దగ్గర నేల కనిపిస్తోంది."

సెమిసి అంటే లేసియేలి భర్త.

"నాకున్నవి రెండే జతలు. ఒకటి పాతది, ఒకటి మంచిది."

"అందుకే మంచిది ఇచ్చాను. పాతవి ఇస్తారా ఎవరైనా? బుద్ధుండక్కర్లా?"

ఆర్వల్ పాత బూట్లే తొడుక్కున్నాడు. నలభై ఏడేళ్ళ కాపురంలో ఆయన ఇలాంటప్పుడు నేర్చుకున్నది అదొక్కటే.

రెండో వారం మొదలయ్యేసరికి వ్యవహారం ముదిరిపోయింది. అటునుంచి కాల్చిన పందిపిల్ల వచ్చింది, కొబ్బరి పీచుతాళ్ళు వచ్చాయి, వలిచి ఎండబెట్టిన ఆక్టోపస్ వచ్చింది. ఇటునుంచి పిండి కలిపే మిక్సరు వెళ్ళింది, మడతకుర్చీ వెళ్ళింది, టార్చిలైటు వెళ్ళింది. ప్రతిసారీ మధ్యలో ఆ నీలం పువ్వుల పళ్లెం, పెళ్ళిపెద్దలా అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. నెడ్రా బొంత ముట్టుకుని వారమైంది. పొద్దస్తమానం వంటింట్లోనే ఉంటే సూది పట్టుకునేదెప్పుడు? ఇంకో వారమే టైముంది.

"ఇది ఆపాలి" అంది మంగళవారం పొద్దున, కుర్చీలో కూలబడి. "మనకి ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. అక్కడ వాళ్ళిల్లు గుల్లయిపోతోంది. నువ్వెళ్ళి సెమిసితో మగాడిలా మాట్లాడు. మర్యాదగా. నొప్పించకుండా."

"ఏమని?"

"నాకు తెలిస్తే నేనే వెళ్ళనా?"

ఆర్వల్ వెళ్ళాడు. సెమిసి ఇంటిముందు ఆర్వల్ మడతకుర్చీలో, ఆర్వల్ బూట్లు వేసుకుని కూర్చుని ఉన్నాడు. మనిషి తలుపంత వెడల్పు ఉంటాడు కానీ మాట మాత్రం మెత్తన.

"రండి ఎల్డర్, రండి. మీ ఆవిడ చేతిలో ఏం మహిమ ఉందో కానీ, ఆ కేకు తిన్నాక మా అమ్మ మళ్ళీ పాటలు పాడుతోంది."

"సెమిసీ, ఆ పళ్లెం సంగతి..."

"ఆఁ, ఆ పళ్లెం" అన్నాడు సెమిసి. మొహంలో ఏదో ఆశ మెరిసింది. ఆ తరవాత ఇద్దరూ మర్యాదస్తులు కాబట్టి ఇద్దరూ ఆగిపోయారు. ముందు నువ్వు చెప్పు అంటే ముందు నువ్వు అని కళ్ళతోనే చాలాసేపు బతిమాలుకున్నారు. చివరికి ఆర్వల్ చూపు పెరటివైపు తిరిగింది. అక్కడ మామిడిచెట్టు కింద ఒక పంది పడుకుని ఉంది. అది మామూలు పంది కాదు. నలభై ఏళ్ళు పశువుల్ని మేపిన కన్ను ఊరుకుంటుందా?

"అబ్బబ్బ! ఏం పంది సెమిసీ! ఆ వీపేమిటి, ఆ తొడలేమిటి! మా ఐడహోలో సంతంతా తిరిగినా ఇలాంటిది కనబడదు!"

ఆ ఊళ్లో నాలుగేళ్ళ పిల్లకి కూడా తెలిసిన సంగతి ఒకటుంది. ఒకరి వస్తువుని ఎదుటే అంతలా మెచ్చుకుంటే అది ఇక వాళ్ళది కాదు, మెచ్చుకున్నవాళ్ళది. మిషనరీలు దిగిన మొదటివారం ఈ ముక్క వాళ్ళకి క్లాసు పెట్టి మరీ చెప్పారు. ఆ క్లాసు మధ్యాహ్నం ఒంటిగంటకి జరిగింది.

"నచ్చిందా ఎల్డర్?" అన్నాడు సెమిసి.

"నచ్చడమా! మహరాజులా ఉంది!"

సెమిసి పందివైపు ఒక్కసారి చూశాడు. లేచి తాడు తెచ్చాడు.

ఆర్వల్ ఇంటికొచ్చేసరికి నెడ్రా గుమ్మంలో నిలబడి ఉంది. ముందు ఆయన్ని చూసింది, తరవాత తాడు చూసింది, తరవాత తాడుకి అటు చివర చూసింది.

"ఆపి రమ్మంటే పందిని తెచ్చావా?"

"నేను తేలేదు. ఇచ్చారు."

"ఎందుకిచ్చారు?"

"బాగుందన్నాను."

నెడ్రా రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "ఓరి దేవుడా! అది ఏ పందో తెలుసా నీకు? వాళ్ళ మనవడి మొదటి పుట్టినరోజుకని ఏడాదిగా పెంచుతున్నది! పై వారం శనివారమే విందు. నాలుగొందలమందిని పిలుచుకున్నారు! లేసియేలి నాకు ఎన్నిసార్లు చెప్పిందో!"

ఆర్వల్ తాడు పట్టుకుని వెనక్కి తిరిగాడు. "ఇప్పుడే తీసుకెళ్ళి ఇచ్చేస్తాను."

"ఇచ్చింది తిప్పి కొడతావా? అంతకంటే ఆయన్ని చెంపమీద కొట్టు, కాస్త మర్యాదగా ఉంటుంది."

పంది మాత్రం హాయిగా మెట్లపక్కన చతికిలబడింది. దానికి ఏ రూళ్ళూ లేవు.

బుధవారం నెడ్రా సలహాకోసం బిషప్ హవిలి దగ్గరికి వెళ్ళింది. వీళ్ళ చర్చిలో బిషప్‌కి జీతం ఉండదు, ఎవరి పని వాళ్ళు చేసుకుంటూనే ఊరి కష్టసుఖాలు వింటారు. హవిలికి టైర్ల షాపు ఉంది. ఆవిడ వెళ్ళేసరికి ఆయన లారీ కింద ఉన్నాడు. బయటికి కాళ్ళే కనిపిస్తున్నాయి. నెడ్రా కథంతా ఆ కాళ్ళకే చెప్పుకుంది.

"సిస్టర్, ఇలాంటివి చిన్న చిన్నవి ఇచ్చినంతకాలం ఆగవు" అన్నాయి కాళ్ళు. "ఒక్కసారే పెద్దది ఇచ్చెయ్యండి. మీకు ప్రాణంతో సమానమైనది. దానికి బదులివ్వడం మావల్ల కాదని వాళ్ళు చేతులెత్తేస్తారు. కథ కంచికి. ఆ స్పానరు కాస్త ఇటు అందిస్తారా?"

నెడ్రా స్పానరు అందించి, ఇంటికొచ్చి, గది మధ్యలో నిలబడి నాలుగువైపులా చూసింది. ప్రాణంతో సమానమైనది ఇంట్లో ఒకటే ఉంది. అది కుర్చీ మీద మడత పెట్టి ఉంది.

"వద్దు నెడ్రా" అన్నాడు ఆర్వల్, ఆవిడ చూపు పడ్డచోటు చూసి. "అది తప్ప ఇంకేదైనా ఇద్దాం. నా గడియారం ఇచ్చెయ్యి."

"సోమవారమే ఇచ్చేశాను."

ఆర్వల్ మణికట్టు చూసుకున్నాడు. టోంగా వచ్చాక ఆయనకి టైము కడుపే చెబుతోంది కాబట్టి రెండురోజులుగా సంగతి తెలియలేదు.

"వాళ్ళ మనవడి పందిని మన పెరట్లో కట్టేసుకుని, మన మనవరాలి బొంత మనం దాచుకుంటామా?" అంది నెడ్రా. "నా వల్ల కాదు. ఐవీకి మళ్ళీ ఇంకోటి కుడతాను. ఎప్పుడో అప్పుడు."

ఇంకోటి కుట్టడానికి మళ్ళీ నలభై తొమ్మిది ముక్కలు ఎక్కణ్ణుంచి వస్తాయో, దీవించే రోజుకి అది ఎలా అందుతుందో ఆర్వల్ అడగలేదు. ఆయనకి గడియారం పోతే బాధ లేదు, బూట్లు పోతే బాధ లేదు. ఆవిడ ఆ బొంతని గుండెకి హత్తుకుని నిలబడటం చూస్తే మాత్రం ఏడుపొచ్చింది.

గురువారం పొద్దున ఆవిడ బొంత మడిచి, దానిమీద పళ్లెం పెట్టి, పళ్లెంలో నాలుగు బిస్కెట్లు పెట్టి బయల్దేరింది. కంచె సందు దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా లేసియేలి వస్తోంది. భుజం మీద చుట్టిన చాప. పట్టులా మెత్తగా, తేనెరంగులో, అంచులు చీకిపోయిన పాత చాప, టోంగాలో మంచికీ చెడుకీ నడుముకి చుట్టుకునేది.

"మీకోసమే వస్తున్నా సిస్టర్. ఇది మా నాయనమ్మ అల్లింది. నా పెళ్ళికి కట్టుకున్నాను, మా నాన్న పోయినప్పుడు కట్టుకున్నాను. ఇక మీరు కట్టుకోవాలి."

"నేనూ మీకోసమే వస్తున్నా. ఇది... మీ మనవడికి."

ఇద్దరూ పళ్ళు బిగించి నవ్వుకున్నారు. ఇద్దరూ మార్చుకున్నారు. ఇద్దరూ వెనక్కి తిరిగి, ఎవరింట్లోకి వాళ్ళు వెళ్లి, తలుపులేసుకుని భోరుమన్నారు. జరిగింది ఏమిటంటే, బిషప్ హవిలి అదే సలహాని మంగళవారమే లేసియేలికి ఇచ్చి ఉన్నాడు. టైర్ల మనిషి కదా, ఎవరొచ్చినా ఒకే గాలి కొడతాడు.

ఆదివారం వచ్చింది. ఇచ్చిన వస్తువు వాడకపోతే ఇచ్చినవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు కాబట్టి ఆ రోజు చర్చికి రెండూ వచ్చాయి. ఊళ్లో మగవాళ్ళంతా నడుముకి చాపలు కట్టుకునే వస్తారు. ఆర్వల్ కూడా లేసియేలి ఇచ్చిన చాప కట్టుకున్నాడు. కట్టడం తెలియక తలకిందులుగా చుట్టి, జారిపోతుందేమోనని పైన బంగాళాదుంప బొమ్మ ఉన్న పెద్ద బకిలు బెల్టు బిగించాడు. చంకల కిందిదాకా వచ్చిన ఆ చాపతో ఆయన వంగలేడు, కూర్చోలేడు. బెంచీ చివర కర్రలా ఆనుకున్నాడు. అటుపక్క బెంచీలో లేసియేలి ఒళ్లో మనవడు బొంతలో చుట్టబడి ఉన్నాడు. ఐడహో మంచులో పిల్లలు గడ్డకట్టకుండా కుట్టిన బొంత అది. టోంగా ఎండలో వాడు ఎర్రగా ఉడికి, చెమటలు కక్కుతూ కేకలు పెడుతున్నాడు. నెడ్రా బొంత చూసి ఏడుస్తోంది. లేసియేలి చాప చూసి ఏడుస్తోంది.

అది నెలలో మొదటి ఆదివారం. అందరూ ఉపవాసం ఉండి వస్తారు. ఎవరికి మనసు కదిలితే వాళ్ళు లేచి, వేదికమీదికి వెళ్లి దేవుడు తమకి చేసిన మేలు చెప్పుకుంటారు. అక్కడ ఏడుపు తప్పు కాదు, గొప్ప. అందుకని సభలోవాళ్ళు ఈ ఇద్దరు ఆడవాళ్ళనీ చూసి, "ఎంత భక్తి! ఇంకా ఎవరూ మొదలుపెట్టకముందే కరిగిపోయారు" అని ముక్కున వేలేసుకున్నారు. అంతమంది చూస్తుంటే ఆర్వల్‌కి తను కూడా ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. పైగా నిటారుగా నిలబడితే బకిలు గుచ్చుకోదు. లేచి వేదిక ఎక్కాడు.

"నేను రైతుని. నాకు మాట్లాడటం చేతకాదు" అన్నాడు. "ఈ ఊరివాళ్ళ మంచితనం గురించి ఒక్క ముక్క చెబుతాను. రెండు వారాలకిందట సిస్టర్ లేసియేలి మా గుమ్మంలోకి వచ్చింది. మాకంటే ముందు ఈ మా ఇంట్లో ఉన్న మిషనరీ సిస్టర్ వెళ్ళిపోతూ ఆవిడకి ఒక పళ్లెంలో కేకు ఇచ్చిందట. 'పళ్లెం మీ ఇంటిదే, నా దగ్గరుండిపోయింది, తీసుకోండి' అని తిరిగి ఇచ్చేసింది. చూశారా నిజాయితీ! ఒక్క పళ్లెం కూడా ఉంచుకునే మనుషులు కారు!"

నెడ్రా ఏడుపు టక్కున ఆగింది. అటుపక్క లేసియేలి ఏడుపు కూడా ఆగింది. ఇద్దరూ మెల్లగా తలలు తిప్పి ఒకరినొకరు చూసుకున్నారు. సభ అంతా ముక్తకంఠంతో "ఆమెన్" అంది.

సభ ముగిసీ ముగియగానే వరండాలో నెడ్రా లేసియేలి చెయ్యి పట్టుకుంది.

"ఆ పళ్లెం మీది కాదా?"

"మాది కాదు సిస్టర్, మీది! ఎన్నిసార్లు తిరిగి పంపినా మళ్ళీ మా ఇంటికే వస్తోంది! సెమిసి అయితే దానికి దెయ్యం పట్టిందన్నాడు!"

"నేను మీ పళ్లెం మీకు పంపుతున్నాననుకున్నా!"

"నేను మీది మీకు పంపుతున్నా!"

నెడ్రా వెనక్కి తిరిగింది. "ఆర్వల్!"

ఆర్వల్ చాపలో ఊపిరాడక నిలబడి ఉన్నాడు. "ఏమైంది?"

"ఈవిడ పళ్లెం సంగతి చెబితే నాకెందుకు చెప్పలేదు? ఎవరిదీ అని అడిగానా లేదా?"

"అడిగావు. అప్పుడు నా నోట్లో లూ ఉంది."

"ఆ తరవాత? రెండు వారాలు నీ నోట్లోనే ఉందా?"

"చాలావరకు ఉంది" అన్నాడు ఆర్వల్ నిజాయితీగా. "నువ్వే కదా, వాళ్ళు పంపిందల్లా తినమన్నావు."

సెమిసి గోడవైపు తిరిగి నవ్వాపుకుంటున్నాడు. భుజాలు మాత్రం ఆగడం లేదు. ఆడవాళ్ళిద్దరికీ కూడా నవ్వొచ్చింది. కానీ నవ్వు అయిపోయాక ఇద్దరూ ఉసూరుమన్నారు. పళ్లెం ఎవరిదో తేలినంత మాత్రాన ఇచ్చింది ఇచ్చినట్టే కదా. బొంత నాకిచ్చెయ్యమని నెడ్రా ఎలా అడుగుతుంది? చాప నాకిచ్చెయ్యమని లేసియేలి ఎలా అడుగుతుంది? విమానం ఎల్లుండే. ఎవరి ఉపవాసం వాళ్ళు విడవడానికి ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు.

సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకి తలుపు చప్పుడైంది. ఈసారి నెడ్రాయే తీసింది. ఇక ఆ పని ఆర్వల్‌కి ఇచ్చేది లేదని రాత్రే తేల్చి చెప్పేసింది. లేసియేలి చేతిలో గుడ్డ కప్పిన మూట, దానిమీద నీలం పువ్వుల పళ్లెం.

"సిస్టర్, పందికి బదులుగా మీరు బొంత ఇచ్చారు. బొంతకి నేను ఇంకా బదులివ్వలేదు."

"చాప ఇచ్చారుగా లేసియేలీ!"

"అది మిక్సరుకీ, బూట్లకీ, గడియారానికీ. బొంతకి కాదు" అంది లేసియేలి. చాలా గంభీరంగా, కళ్ళు మాత్రం నవ్వుతూ. "మూడురోజులుగా ఇల్లంతా వెతికాను. దానికి సాటి వచ్చేది మా ఇంట్లో ఏమీ లేదు. ఒక్కటి తప్ప. అదే తెచ్చాను. కాదనకూడదు."

మూట విప్పింది. అందులో బొంత ఉంది.

నెడ్రా ఒక్క ఉదుటున ముందుకొచ్చింది. లేసియేలిని వాటేసుకుంది. ఆ తరవాత, ఎంతైనా మర్యాద తెలిసిన మనిషి కాబట్టి, లోపలికి పరిగెత్తి చాప తెచ్చింది. "అయ్యో, ఇంత గొప్పది ఇచ్చారు, నేనేమిచ్చేది? నేనూ ఇల్లంతా వెతికాను, మా ఇంట్లో ఇదొక్కటే ఉంది!" ఇద్దరూ పగలబడి నవ్వారు. అదే ఊపులో ఆర్వల్ పందిని విప్పాడు. సెమిసి తాడు అందుకున్నాడు. పంది కదలనంది. వారంరోజులుగా ఆర్వల్ దానికి పొద్దున్నే పాన్‌కేకులు పెడుతున్నాడు మరి. ముందునుంచి సెమిసి లాగితే, వెనకనుంచి ఆర్వల్ తోస్తే, అది ఊరంతా వినపడేలా అరుస్తూ కంచె దాటింది. బూట్లు మాత్రం సెమిసి విప్పబోతుంటే ఆర్వల్ పడనివ్వలేదు. "నీ కాళ్ళకే బాగున్నాయి" అని నోరుజారి, అంతలో నాలిక కరుచుకుని, మెచ్చుకున్నది బూట్లని కాదు, కాళ్ళని కూడా కాదని కంగారుగా సర్దుకున్నాడు.

వాళ్ళు వెళ్ళాక నెడ్రా బొంత పెట్టెలో పెట్టడానికి మంచం మీద పరిచింది. నడిమి ముక్క దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఇచ్చేసిన రోజు సూది అక్కడే గుచ్చి వదిలేసిన సంగతి ఆవిడ మరిచేపోయింది. ఇప్పుడు సూది లేదు. పెన్సిలు గీతల మీద, ఆ ఎర్రదారంతోనే, 'ఐవీ' అని పొందికగా కుట్టి ఉంది. చుట్టూ టోంగా వాళ్ళు చెట్టుబెరడు బట్టల మీద వేసుకునే చిన్న చిన్న ముక్కోణాల అంచు. ఇది తన మనవడికోసం కుట్టింది కాదని లేసియేలి మొదటిరోజే పేరు చూసి తెలుసుకుంది. ఉంచుకోవాలని ఒక్కపూట కూడా అనుకోలేదు, తిరిగిచ్చే మర్యాదైన దారికోసమే ఇన్నాళ్ళూ వెతికింది.

నెడ్రా ఆ పేరుమీద చెయ్యి పెట్టుకుని కూర్చుండిపోయింది. ఈసారి కుళాయి తిప్పుకోకుండానే ఏడ్చింది. ఆర్వల్ పక్కన కూర్చుని, ఆవిడ వీపు నిమిరి, కుట్టు చూశాడు.

"చాలా బాగా కుట్టింది" అన్నాడు. ఆ ముక్కోణాలు వేలితో తడిమి, "అయితే, దీనికి మనం ఏమిస్తాం?" అన్నాడు.

నెడ్రా కళ్ళు తుడుచుకుని, లేచి, ఓవెన్ వెలిగించింది.

ఆర్వల్ అలమర మీంచి నీలం పువ్వుల పళ్లెం దించి కడగడం మొదలుపెట్టాడు.